తాబేటి వీపు

మా నడిమింట్లో గోలీ వదిలితే దానంతటదే దొర్లుకుంటూ గోడ దాకా పోయేది. కొత్తిల్లు కట్టిన రెండో ఏడాది నుంచి ఇంటికొచ్చిన పిల్లలకు అదొక ఆట. నట్టనడుమ నిలబడి గోలీ వదలాలి, అది ఏ గోడకు పోతుందో పందెం కాయాలి. పెద్దవాళ్లు మొదట నవ్వేవాళ్లు. ఆ తర్వాత అరికాలితో బండల మీద తడిమి చూసి, “మేస్త్రి ఎవరు?” అని అడిగేవాళ్లు. మా నాన్న పేరు చెప్పేవాడు.

ఆ పేరు నేనిక్కడ రాయను. ఊళ్లో అందరూ మేస్త్రి అన్నారు, నేనూ అంతే అంటాను.

మాది నంద్యాల పక్క. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందూ. ఈ రెండు కొండల మధ్యా పరుచుకున్నదంతా నల్లరేగడి. కేసీ కాలువ నీళ్లు పారిన చోట వరి, పారని చోట జొన్న, పత్తి, శనగ. పంటకు దీన్ని మించిన నేల లేదు, ఇంటికి దీన్ని మించిన శత్రువూ లేదు. ఎండాకాలంలో చేలు చెయ్యి దూరేంత నెర్రెలిస్తాయి. చిన్నప్పుడు మా అక్క వెండి పట్టీ ఒకటి నెర్రెలోకి జారింది, ఎంత తవ్వినా దొరకలేదు. రెండు గట్టి వానలు పడ్డాయంటే అవే నెర్రెలు ఆనవాలు లేకుండా మూసుకుపోతాయి. మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకఖనిజం ఆ మట్టిలో రేకులు రేకులుగా ఉంటుందనీ, రేకుల మధ్య నీళ్లను పట్టుకుని ఉబ్బుతుందనీ, నీళ్లు వదిలితే ముడుచుకుంటుందనీ నేను కాలేజీలో చదువుకున్నాను. మేస్త్రికి ఆ పేరు తెలీదు. “తాగుబోతు మట్టి సామీ ఇది. తాగితే లేస్తాది, ఎండితే పండుకుంటాది” అనేవాడు.

నేలపని అంటే బండలు పరవడమని అందరూ అనుకుంటారు. మేస్త్రి లెక్కలో అది ఆఖరి రెండు రోజుల పని. అసలు పని బండ రాకముందు ఆరేడు నెలలు జరగాలి. చిన్నప్పుడు సెలవుల్లో ఆయన వెనకాలే తిరిగేవాణ్ని కాబట్టి ఆ వరస నాకు కంఠతా వచ్చు. ముందు గోడల లోపలి నల్లమట్టిని అడుగు లోతు గీకించి బయట పోయించేవాడు. ఆ మట్టి ఒక్క తట్ట కూడా మళ్లీ లోపలికి రాకూడదు. తర్వాత ఎర్రమల వైపు నుంచి తెప్పించిన గరుసు. అరడుగు మందం పరచడం, నీళ్లు చల్లడం, దిమ్మిస కొట్టడం. మళ్లీ అరడుగు. నీళ్లెన్ని చల్లాలో చెప్పడానికి ఆయన దగ్గర కొలత లేదు. గుప్పెడు గరుసు తీసి పిడికిలి బిగించేవాడు. ముద్ద కట్టాలి, విప్పితే వేళ్లకు అంటకూడదు. అంటితే ఆ పూట పని ఆపేసేవాడు.

దిమ్మిస కొట్టేటప్పుడు మాత్రం ఆయన్ని చూడాలి. కూలీలు కొడుతుంటే గోడకానుకుని, కళ్లు మూసుకుని కూర్చునేవాడు. నిద్రపోతున్నాడనుకుని ఒకసారి ఒక కుర్రాడు దెబ్బలు తగ్గించాడు. కళ్లు తెరవకుండానే, “ఆ మూల ఇంకో ఇరవై” అన్నాడు మేస్త్రి. మొదట్లో దబ్బు దబ్బుమని తడిబట్ట ఉతికినట్టు వస్తుంది శబ్దం. పోను పోను సన్నబడుతుంది. చివరికి దిమ్మిస నేలను తాకీ తాకగానే చేతుల్లోకి తిరిగి ఎగురుతుంది. “నేల ఎదురు చెప్పాల. ఎదురు చెప్పకపోతే ఇంకా అది నేల గాలేదు” అనేవాడు.

అట్లా నింపిన బేస్‌మట్టాన్ని ఒక వానాకాలం వదిలెయ్యాలి. దిగేదేదో అప్పుడే దిగాలి. ఆ తర్వాత నాలుగంగుళాల కంకర, దాన్ని వారం పది రోజులు తడపడం, ఆరబెట్టడం. బండలు పరిచే ముందు రాత్రి ఆయన చేసే పని ఒకటుంది. ఆ ఇంటావిడను అడిగి ఇత్తడి పళ్లెం తీసుకుని కంకర మీద బోర్లించి, అంచు చుట్టూ మెత్తటి పిండిముద్ద అద్ది పోయేవాడు. తెల్లారి వచ్చి తిప్పి చూసేవాడు. లోపలి వైపు చెమట పట్టి ఉంటే బండల పని ఆ వారానికి లేనట్టే. కింద చెమ్మ ఉండగా పైన మూత పెడితే అది ఊరుకోదు, ఉప్పును మోసుకొచ్చి బండల సందుల్లో సౌడుగా కక్కుతుంది. ఇంటివాళ్లు విసుక్కునేవాళ్లు. పళ్లెం మళ్లీ బోర్లించేవాడు.

బండల విషయంలో మావాళ్లు అదృష్టవంతులు. ఈ నేల అడుగున ఉన్న రాతి పొరలకు భూగర్భశాస్త్రంలో కర్నూలు సముదాయమని పేరు. కింది నుంచి పైకి ఆ పొరల పేర్లు చదివితే బస్సు కండక్టరు స్టేజీలు పిలిచినట్టుంటుంది: బనగానపల్లె, నార్జి, ఔకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. ఇందులోని సున్నపురాయి పొరపొరగా చీలుతుంది. ఎవరూ చెక్కకుండానే బండ వస్తుంది. బేతంచెర్ల చుట్టుపక్కల గనులు, పాలిషు ఫ్యాక్టరీలు అన్నీ దాని మీదే బతుకుతున్నాయి. కాబట్టి మా వైపు బండకు కొదవ లేదు. బండ కిందికే కొదవ.

1994లో నాన్న ఊరి చివర స్థలం కొన్నాడు. నాన్న హైస్కూలు అయ్యవారు. మేస్త్రి ఇద్దరు కొడుకులూ ఆయన దగ్గరే చదువుకున్నారు, ఫీజులూ పుస్తకాలూ నాన్నే చూశాడు. ఇల్లు ఇంకెవరికిస్తాడు? పునాదులు లోతుగా తీశారు, గోడలు లేచాయి, కార్తీకానికి స్లాబు పడింది. గోడల మధ్య మాత్రం ఇంకా రెండున్నర అడుగుల ఖాళీ గుంత. ఇంతలో అక్కకు సంబంధం కుదిరింది. మాఘంలో ముహూర్తం.

ఆ రోజు మేస్త్రి గోడ మీద మట్టం గుర్తులు పెడుతున్నాడు. నీళ్లు నింపిన ట్యూబు ఒక కొన ఆయన చేతిలో ఉంది, రెండో కొన నా చేతిలో. నాన్న వచ్చి గుంత అంచున నిలబడ్డాడు.

“ముప్పై ట్రక్కుల గరుసు ఇప్పుడెక్కడి నుంచి తేను మేస్త్రీ? తెచ్చినా కొట్టేదెప్పుడు, ఆరేదెప్పుడు? బయట పునాదిమట్టి గుట్టగా పడి ఉంది. అది నింపెయ్.”

“వొద్దు సామీ. పెండ్లి పాతింట్లో జేయండి. ఈ ఇల్లు పై సంక్రాంతికి ఇస్తా.”

“మగపెళ్లివాళ్లకు కొత్తింట్లో పెళ్లని మాటిచ్చాను.”

“నల్లమట్టి వొద్దు సామీ. గోడలకు బరువుంది, నిలబడతాయి. నేలకేం బరువుంది? అది లేస్తాది.”

మూడోసారి మేస్త్రి నోరు తెరవబోయేసరికి నాన్న గొంతు మారింది. “రేపేదన్నా అయితే ఆ మాట నాది. నిన్నెవరూ అనరు. సరేనా?”

నేను నీళ్ల మట్టం చూస్తున్నట్టు నటించాను. ట్యూబులో నీళ్లు కాసేపు ఊగి నిలిచాయి. మేస్త్రి తలపాగా విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకున్నాడు. “మీ ఇష్టం సామీ. దేవుని గది మాత్రం నాకిడిచి పెట్టండి. ఆ పని నేనొక్కన్నే జేసుకుంటా.” నాన్నకు ఆ భక్తి నచ్చింది. ఐదడుగులకు ఐదడుగుల గది అది, ఎవరు చేస్తే ఏం?

నాలుగు రోజుల్లో గుంత నిండింది. పుష్యమాసపు ఎండలకు పునాదిమట్టి రాళ్లలా గడ్డకట్టి ఉంది. తలకాయలంత పెళ్లలు. వాటిని పగలగొట్టే తీరిక లేదు. నీళ్లు పోస్తే ఆరడానికి నెల పడుతుందని పొడిగానే పోశారు. పెళ్లల మధ్య ఖాళీలు అట్లాగే ఉన్నాయి. దిమ్మిస కొట్టారు గానీ ఆ నాలుగు రోజులూ మేస్త్రి కళ్లు మూసుకుని కూర్చోవడం నేను చూడలేదు. ఎప్పుడూ నిలబడే ఉన్నాడు, వీధి వైపు చూస్తూ. ఒకరోజు పొద్దున్నే పనికి వచ్చేసరికి ఆయన పంచె అంచులూ పాదాలూ ఎర్రగా ఉన్నాయి. అమ్మ అడిగితే, “కొండ కాడికి పోయొచ్చినానమ్మా” అన్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. పెళ్లింట్లో ఎవరికి తీరిక?

పెళ్లి బాగా జరిగింది. బేతంచెర్ల బండలను మిషను పెట్టి పాలిషు చేయిస్తే మామిడాకుల తోరణం నీడ వాటిలో కనపడింది. మగపెళ్లివాళ్లు చెప్పులు విప్పి ఆ చల్లదనానికి మురిసిపోయారు. నాన్న మేస్త్రికి పంచెల చాపు పెట్టి, పదిమందిలో భుజం మీద చెయ్యి వేసి, “నేలంటే ఇదీ” అన్నాడు. ఆ ఒక్క పూట మేస్త్రి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన పాదాలు బండల మీద ఆనలేదు. కుర్చీ చట్రం మీద పెట్టుకున్నాడు.

ఆ ఏడాది వానలకేమీ కాలేదు. రెండో ఏడాది గోలీ దొర్లింది.

ఆరుబయట నల్లరేగడి తాగిన నీళ్లను ఎండకు ఇచ్చేస్తుంది. ఇల్లు కట్టడమంటే ఆ మట్టి మీద మూత పెట్టడమే. కింది నుంచి చెమ్మ ఎక్కుతూనే ఉంటుంది, పైకి పోయే దారి ఉండదు. గోడల పక్కన కాస్త ఎండిపోతుంది, నడిమధ్యన మాత్రం ఏటికేడు పోగవుతుంది. అందుకే నేల నడుమ ఉబ్బి అంచులకు వాలుతుంది, తాబేటి వీపులాగా. వాన పడని ఏడాది కూడా లేస్తుంది. మా ఇంట్లో మొదట నడిమిల్లు, తర్వాత పడకగది. తలుపులు నేలకు ఒరుసుకుంటే వడ్రంగిని పిలిచి కింద చెక్క కోయించారు. మరుసటేడు మళ్లీ కోయించారు. బండల అతుకులు విచ్చుకున్నాయి, సౌడు పూసింది, ఒక రాత్రి నడిమింటి బండ తుపాకి పేలినట్టు చప్పుడు చేసి అడ్డంగా పగిలింది. గోడలకు మాత్రం వెంట్రుకవాసి పగులు లేదు, ఆయన చెప్పినట్టే. దేవుని గది నేల కూడా కదల్లేదు. అమ్మ రోజూ అక్కడ నెయ్యిదీపం పెట్టేది, ప్రమిదలో నెయ్యి మట్టసంగా నిలిచేది. దేవుడున్నాడనడానికి ఇంకేం కావాలని నాన్న అనేవాడు.

ఉబ్బే మట్టి మీద ఉబ్బని బంకమట్టిని మీటరు మందాన దట్టించి పరిస్తే కింది మట్టి అణిగి ఉంటుందని ఐఐటీ బొంబాయిలో ఆచార్య ఆర్.కె. కట్టి పరిశోధించి చెప్పారు. ఇంజినీర్లు దాన్ని సీఎన్ఎస్ పొర అంటారు, నల్లరేగడిలో కాలువలు తవ్వేచోట వాడతారు. మా ఇల్లు కట్టేనాటికే అది పుస్తకాల్లో ఉంది. మూడడుగుల గరుసు అని మేస్త్రి అడిగింది కూడా అదే. ఆయన అడిగితే చాదస్తమైంది.

1998లో అక్క కొడుక్కి మా ఇంట్లోనే బారసాల చేశారు. మేస్త్రి చెక్క గిలక్కాయ ఒకటి చేయించి తెచ్చి వసారాలో కూర్చున్నాడు. చుట్టాల్లో ఒకాయన ఇల్లు మొదలుపెడుతూ, మంచి మేస్త్రి ఉంటే చెప్పమని నాన్ననడిగాడు. “ఈయన్ని మాత్రం పిలవకు” అన్నాడు నాన్న, నవ్వుతూనే. జనం నవ్వారు. ఆ నవ్వు నాన్నకు సరిపోలేదో ఏమో, వసారా వైపు తిరిగి, “ఎంత పని చేశావయ్యా మేస్త్రీ నా ఇంటికి!” అన్నాడు.

నా చేతిలో తాంబూలాల పళ్లెం ఉంది. ట్యూబు రెండో కొన పట్టుకున్నవాణ్ని నేను. ఆ మాట నాదని నాన్న అన్నప్పుడు మూడో మనిషిగా ఉన్నది నేనొక్కణ్నే. పళ్లెం తిప్పుకుంటూ పక్క వరసలోకి పోయాను.

మేస్త్రి కాఫీ తాగాడు. గ్లాసు ఆయనే కడిగి గట్టు మీద బోర్లించాడు. వారం తిరక్కుండా ఇద్దరు కూలీలతో, దిమ్మిసతో వచ్చి, “బండలు లేపి, మట్టి మార్చి, నా ఖర్చుతో మల్లా ఏస్తా సామీ” అన్నాడు. నాన్న గేటు దగ్గరే నిలబెట్టి, చేసింది చాలన్నాడు. తప్పు ఒప్పుకుంటున్నాడు కాబట్టే వచ్చాడని వీధంతా అనుకుంది. అది ఆయనకు తట్టి ఉండదు.

చిన్న ఊళ్లలో మట్టిని ఎవరూ అడగరు, మేస్త్రినే అడుగుతారు. ఒక్కొక్క పనే జారిపోయింది. కొడుకులు బెంగళూరుకు సెంట్రింగు పనికి పోయారు. ఆ తర్వాత రోజులూ ఆయనవి కాకుండా పోయాయి. ట్రాక్టర్లు పోయి టిప్పర్లు వచ్చాయి, దిమ్మిస చోట మిషను వచ్చింది, బండల మీద మోజు తగ్గి రెండడుగుల విట్రిఫైడ్ టైల్సు వచ్చాయి. ఇల్లు ఆరు నెలల్లో తాళాలు చేతికివ్వాలి. ఒక వానాకాలం ఆగమనేవాణ్ని ఎవరు పెట్టుకుంటారు? మా ఇల్లు లేకపోయినా ఆయనకు పని తగ్గేదే. ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. పని తగ్గడం వేరు, పేరు పోయి పని పోవడం వేరు.

2003లో బేతంచెర్లలో ఒక పాలిషు ఫ్యాక్టరీ గేటు దగ్గర కనపడ్డాడు, కాపలా మనిషిగా. చుట్టూ రాతిపిండి బురద తెల్లటి కుప్పలుగా ఎండుతోంది. కనుబొమల మీద కూడా తెల్లపొడి. నన్ను గుర్తుపట్టి, అమ్మ ఎట్లుంది, అక్క ఎట్లుంది అని అందర్నీ అడిగాడు. ఇంటి సంగతి ఎత్తలేదు. బస్సు ఎక్కబోతుంటే మాత్రం, “దేవుని గది ఎట్లుంది నాయనా?” అన్నాడు.

“బాగుంది తాతా. అస్సలు కదల్లేదు.”

“ఊఁ” అన్నాడు. ముసలితనపు భక్తి అనుకున్నాను. ఆ పై ఏడాది పోయాడని తెలిసింది. నాన్న ఖర్చులకు డబ్బు పంపాడు, తను వెళ్లలేదు.

2011లో నాన్న పైకి లేచిన బండ అంచు తన్నుకుని పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషను అయి కర్రతో లేచి తిరిగేసరికి, ఇక నేల మార్చక తప్పదనుకున్నాం. వచ్చిన కాంట్రాక్టరు గోలీ ఆట చూసి కూడా జంకలేదు. “పీకడమెందుకు సార్, బండల మీదే టైల్స్ అంటించేద్దాం, వారంలో అయిపోతుంది” అన్నాడు. అంటించొచ్చు. కింది నేల గట్టిగా, మట్టంగా, పొడిగా ఉంటే, పాలిషు నునుపు పోయేలా గాట్లు పెట్టి, దుమ్ము కడిగి, సరైన గమ్ము వాడితే పాత నేల మీద కొత్తది బాగానే నిలుస్తుంది. విట్రిఫైడ్ టైలు నీళ్లను అర శాతం కూడా పీల్చదు. వట్టి సిమెంటు పాలు దాన్ని పట్టుకోలేవు. అడుగున ఎక్కడ బోలు మిగిలినా వేలితో తడితే డొల్ల శబ్దం వస్తుంది. ఇదంతా అతనికీ తెలుసు. నేను చెప్పింది ఒకటే: తవ్వాలి. ఈసారి ముప్పై ట్రక్కులు ముందే మాట్లాడి పెట్టాను.

బండలు, కంకర లేపాక కనపడిన మట్టిని చూసి కూలీలే ఆశ్చర్యపోయారు. పదహారేళ్లుగా మూత కింద ఉన్న నల్లరేగడి పారతో కోస్తే సబ్బుబిళ్లలా నిగనిగలాడుతూ వచ్చింది. అక్కడక్కడా పెళ్లల ఆకారాలు ఇంకా పోలేదు. నాలుగు రోజుల్లో నింపిందాన్ని తవ్వడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆఖరున దేవుని గది మిగిలింది. పటాలు తీసి నడిమింట్లో పెట్టి, అమ్మ దణ్ణం పెట్టుకున్నాక బండలు లేపారు. గడ్డపార వేసిన కుర్రాడు, దెబ్బ తిరిగి వచ్చి, చేతులు విదిలించుకున్నాడు. “ఇక్కడ మట్టి వేరే ఉంది సార్.”

వెళ్లి చూశాను. ఎర్రగరుసు. అంచున ఒక పక్క కోయించి చూస్తే పొరలు విడివిడిగా కనపడ్డాయి. అరడుగుకొక గీత, మొత్తం ఆరు పొరలు. ఐదడుగుల గదికి మూడడుగుల లోతు. ఒక ట్రక్కు పట్టి ఉంటుంది. ఆ ట్రక్కు డబ్బులు మా లెక్కల పుస్తకంలో లేవు. నాన్న పైసాతో సహా రాసుకునే మనిషి.

నాన్న కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. నేనేమీ చెప్పలేదు. కోసిన అంచు దగ్గర వంగి చాలాసేపు చూశాడు, పెదాలు కదిలాయి, పొరలు లెక్కపెడుతున్నట్టుంది. “దీన్నీ తీసెయ్యమంటారా?” అని కాంట్రాక్టరు అడిగాడు. నాన్న జవాబు చెప్పలేదు. చెప్పులు గడప బయట విడిచి, నా భుజం పట్టుకుని ఆ ఎర్రనేల మీదికి దిగాడు. చేతికర్ర ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి ఒక్క దెబ్బ కొట్టాడు. కర్ర తిరిగి ఎగిరింది.